విశాఖ కొండల్లోని నీరు ఎటు పోయింది?

కైలాసగిరి మీదో సింహాచలం కొండ మీదో ఎర్రబారిన రాయిని చూపించి "ఇది లావా గడ్డకట్టిన రాయి" అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కాదు. అది బురద. నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న బంకమట్టి, ఇసుక కలగలిసిన బురద. పాతిక ముప్పై కిలోమీటర్ల లోతుకు దిగబడి, చాలాచోట్ల 900 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఉడికి, కోట్ల ఏళ్ల తర్వాత పైకొచ్చింది. దాని పేరు ఖొండలైట్. దాని పక్కనే, ఒక్కోసారి దానితో అల్లుకుపోయి, నూనె రాసినట్టు ముదురాకుపచ్చగా మెరిసే మరో రాయి ఉంటుంది. అది చార్నకైట్. ఒడిశాలో బ్రాహ్మణి నది దగ్గర నుంచి మన ఒంగోలు దాకా, దాదాపు వెయ్యి కిలోమీటర్ల తూర్పు కనుమల్లో ప్రధానంగా కనిపించేవి ఈ రెండే.

వీటి గురించి రాసినవాళ్లు ఎక్కువగా వేడి గురించే రాస్తారు. వేడి అంకె పెద్దది కాబట్టి ఆకట్టుకుంటుంది. నా వాదన వేరు. ఈ రాళ్లను ఈ రాళ్లుగా నిలబెట్టింది వేడి కాదు, నీరు పోవడం. నీరు ఎలా పోయింది, ఎప్పుడు పోయింది, ఎందుకు తిరిగి రాలేదు అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పకుండా వీటి పుట్టుక గురించి ఎంత చెప్పినా సగమే అవుతుంది.

ముందు బురద అని ఎలా తెలుసో చెప్పాలి. కంటికి కనిపించేదాన్ని బట్టి కాకుండా లెక్కతో చెబుతాను.

సగటు షేలు రాయిలో, అంటే గట్టిపడిన బురదలో, బరువు ప్రకారం సిలికా దాదాపు 63 శాతం, అల్యూమినా 19, ఇనుప ఆక్సైడ్ 6.5, మెగ్నీషియా 2.2, పొటాష్ 3.7, సున్నం 1.3, సోడా 1.2 శాతం ఉంటాయి. ఇందులో చూడాల్సింది సున్నం, సోడా ఎంత తక్కువో. వాన నీరు రాతిని కుళ్లబెట్టేటప్పుడు ఆ రెండూ ముందుగా కరిగి సముద్రంలో కలుస్తాయి. అల్యూమినా మాత్రం ఎక్కడికీ పోదు, మట్టిలోనే ఉండిపోతుంది. ఇప్పుడు చాలా రాళ్లలో ఉండే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం లెక్క చూద్దాం. ఫెల్డ్‌స్పార్ కట్టడానికి పొటాష్‌లోని ప్రతి పొటాషియం పరమాణువుకూ, సోడాలోని ప్రతి సోడియం పరమాణువుకూ ఒక్కో అల్యూమినియం కావాలి, సున్నంలోని ప్రతి కాల్షియం పరమాణువుకూ రెండు కావాలి. షేలు అంకెలను అణువుల లెక్కలోకి మార్చి చూస్తే, ఉన్న పొటాషియం, సోడియం, కాల్షియం అన్నీ ఫెల్డ్‌స్పార్‌గా మారినా అల్యూమినియంలో సగానికి పైగా మిగిలిపోతుంది. లావా గడ్డకట్టిన బసాల్టు రాతికి ఇదే లెక్క వేయండి. అల్యూమినా 15, సున్నం 10, సోడా 2.5 శాతం అనుకుంటే అల్యూమినియం అంతా ఖర్చైపోయి ఇంకా సున్నమే మిగులుతుంది. ఆ మిగిలిన సున్నం పైరాక్సీన్ అనే ముదురురంగు ఖనిజంలోకి పోతుంది.

అలా మిగిలిన అల్యూమినియం సిలికాతో కలిస్తే సిల్లిమనైట్ అవుతుంది, ఇనుము, మెగ్నీషియంతో కూడా కలిస్తే గార్నెట్ అవుతుంది. ఖొండలైట్ అంటే పలుగురాయి, పొటాష్ ఫెల్డ్‌స్పార్, గార్నెట్, సిల్లిమనైట్, తరచుగా కొంచెం గ్రాఫైట్. అందులో సిల్లిమనైట్ గుత్తులు గుత్తులుగా ఉన్నాయంటే ఆ రాతి పదార్థం ఒకప్పుడు నేలమీద వానకు తడిసి కుళ్లిందని అర్థం. ఏ లావా కూడా అంత అల్యూమినాను మిగుల్చుకోలేదు.

చేతిలో పట్టుకుని గుర్తించడమూ కష్టం కాదు. పైపెంకు చూసి మోసపోకూడదు, అంతే. ఎండా వానా తిన్న ఖొండలైట్ ఎర్రగా, గుల్లగా, సుత్తి తగిలితే పొడి రాలేలా ఉంటుంది. గార్నెట్‌లోని ఇనుము తుప్పు పట్టడం వల్ల ఆ ఎరుపు. ఫెల్డ్‌స్పార్ తెల్ల సుద్దగా మారడం వల్ల ఆ గుల్లతనం. కోణార్క్ ఆలయాన్ని ఎక్కువగా ఈ రాతితోనే కట్టారు. అక్కడి శిల్పాలు ఉప్పుగాలికి అరిగిపోవడానికి గార్నెట్, ఫెల్డ్‌స్పార్ పడే ఈ పాట్లే మూల కారణం. రోడ్డు కోసం కొత్తగా కోసిన కొండ అంచునో, క్వారీలోనో తాజా పగులు చూడాలి. పదిరెట్ల భూతద్దం కింద గార్నెట్ ద్రాక్షరసం రంగు పూసల్లా, సిల్లిమనైట్ తెల్లటి సన్నని సూదుల కట్టల్లా కనిపిస్తాయి. గ్రాఫైట్ రేకను కాగితం మీద రుద్దితే పెన్సిలు గీతలా మరక పడుతుంది. అభ్రకం ఎంత రుద్దినా మరక పడదు. ఈ ఒక్క పరీక్షతో చాలా పొరపాట్లు తప్పుతాయి.

ఖొండలైట్‌కు ఆ పేరు పెట్టింది భూవిజ్ఞాని వాకర్, 1902లో, కలహండి ప్రాంతపు కొండల్లో ఉండే ఖొండు జాతి పేరు మీదుగా. చార్నకైట్ పేరు వెనుక కథ ఇంకా వింత. కోల్‌కతాలోని సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి ఉంది. ఆ సమాధి పలక మద్రాసు దగ్గరి పల్లావరం కొండల రాయి. భారత భూవిజ్ఞాన సర్వేలో పనిచేసిన హాలండ్ దాన్ని చూసి 1893లో ఆ రాతికి చార్నాక్ పేరు పెట్టాడు. 1900లో విపులంగా రాసినప్పుడు దాన్ని అగ్నిశిలగానే, అంటే మాగ్మా గడ్డకట్టిన రాయిగానే లెక్కవేశాడు. రాళ్లు ఒకే కుటుంబంలా, నల్లవాటి నుంచి తెల్లవాటి దాకా వరుసగా కనిపించడమే ఆయనకు ఆధారం.

ఆ రోజుల్లో అది తప్పు అనిపించే ఆలోచన కాదు. అలాంటిదే మరొకటి మన విజయనగరం వైపు జరిగింది. కోడూరు దగ్గర 1892లో మాంగనీసు తవ్వకం మొదలైంది, దేశంలో అదే మొదటిది. అక్కడి మాంగనీసు గార్నెట్, ఫెల్డ్‌స్పార్, అపటైట్ కలిసిన రాతికి భూవిజ్ఞాని ఫెర్మర్ ఊరి పేరు మీదుగానే కోడూరైట్ అని పేరు పెట్టి, అదీ అగ్నిశిలే అన్నాడు. తర్వాతివాళ్లు దాన్ని మాంగనీసు కలిసిన పాత అవక్షేపాలు ఉడికి మారిన రాయిగా చదివారు. స్ఫటికాలు పెద్దవిగా, ఒకదానికొకటి అతుక్కుని ఉంటే మన కన్ను వెంటనే మాగ్మా అనేస్తుంది. 900 డిగ్రీల వేడిలో కోట్ల ఏళ్లు నానిన బురద కూడా అలాగే కనిపిస్తుందన్నది గుర్తుంచుకోవాలి.

చార్నకైట్ సంగతికి వస్తాను, ఎందుకంటే నీటి గొడవంతా అక్కడే ఉంది.

మామూలు గ్రానైట్‌లో ఇనుము, మెగ్నీషియం నల్ల అభ్రకంలో, అంటే బయోటైట్‌లో ఉంటాయి. బయోటైట్ బరువులో దాదాపు 4 శాతం నీరే. స్ఫటికంలో కట్టుబడి ఉన్న నీరు అది, పిండితే రాదు. చార్నకైట్‌లో బయోటైట్ స్థానంలో ఆర్థోపైరాక్సీన్ ఉంటుంది, అందులో నీరు లేదు. మెగ్నీషియం బయోటైట్‌తో సరళంగా చెప్పాలంటే, అణువుల లెక్కన ఒక పాలు అభ్రకం, మూడు పాళ్ల పలుగురాయి కలిసి మూడు పాళ్ల ఆర్థోపైరాక్సీన్, ఒక పాలు పొటాష్ ఫెల్డ్‌స్పార్, ఒక పాలు నీరు అవుతాయి. రెండు రాళ్లకూ మూలకాల చిట్టా దాదాపు ఒకటే. తేడా ఆ ఒక్క పాలు నీటిలో ఉంది.

ఆ నీరు ఎటు పోయిందన్నదానికి మూడు జవాబులున్నాయి. ఒకటి, కింది నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ దాన్ని పలుచబరిచి తరిమేసింది. రెండు, రాయి కొంత కరిగి, ఆ కరుగులో నీరు ఎక్కి, కరుగు పైకి వెళ్లిపోయింది. మూడు, అసలు నీరే లేదు, పొడిగా, బాగా వేడిగా వచ్చిన మాగ్మా నేరుగా చార్నకైట్‌గా గడ్డకట్టింది.

మొదటిదానికి బలమైన సాక్ష్యం కర్ణాటకలో బెంగళూరు దగ్గరి కబ్బాళదుర్గ క్వారీలో దొరికింది. నైస్ అనే బూడిదరంగు చారల రాతిలో అడ్డదిడ్డంగా, పగుళ్ల వెంబడి, సిరా చిందినట్టు ఆకుపచ్చ చార్నకైట్ మచ్చలు. ఒక రాయి ఇంకో రాయిగా మారుతూ మధ్యలో ఆగిపోయిన దృశ్యం అది. 1960 ప్రాంతంలో పిచ్చముత్తు దీన్ని వెలుగులోకి తెచ్చాడు. ఆ తర్వాత నార్వేలో తూరే ఇలాంటి రాళ్ల పలుగురాయిలో చిక్కుకున్న సూక్ష్మమైన కార్బన్ డయాక్సైడ్ బుడగలను చూపించాడు. 1980లో న్యూటన్, స్మిత్, విండ్లీ ఈ రెంటినీ కలిపి, లోతైన భూపటలం ఎండిపోవడానికి కార్బన్ డయాక్సైడ్ ప్రవాహమే కారణమన్న వాదాన్ని గట్టిగా నిలబెట్టారు. కేరళలో పొన్ముడి దగ్గర కూడా అలాంటి మచ్చలే ఉన్నాయి.

కబ్బాళదుర్గ మచ్చల వరకూ ఈ వివరణను నేను ఒప్పుకుంటాను. తూర్పు కనుమలంత పర్వతపంక్తికి దీన్ని వర్తింపజేయడాన్ని మాత్రం ఒప్పుకోను. లెక్క చూడండి. పదిశాతం బయోటైట్ ఉన్న నైస్‌లో 0.4 శాతం నీరు ఉంటుంది. ఒక ఘనపు మీటరు రాయి 2,700 కిలోలు, అంటే దాదాపు 11 కిలోల నీరు. వాయుమిశ్రమంలో నీటి వాటా నాలుగో వంతుకు మించకుండా ఉండాలంటే ప్రతి నీటి అణువుకు మూడు కార్బన్ డయాక్సైడ్ అణువులు కావాలి. అణుభారాల తేడా కలిపితే ఘనపు మీటరుకు సుమారు 80 కిలోల కార్బన్ డయాక్సైడ్. పది కిలోమీటర్ల మందం భూపటలాన్ని ఎండబెట్టాలంటే ఒక్కో చదరపు కిలోమీటరుకు 80 కోట్ల టన్నులు. అంతా ఎక్కడి నుంచి రావాలి? సున్నపురాయి నుంచి అంటారు కొందరు. బొర్రా గుహలున్నది ఈ పర్వతపంక్తిలోని పాలరాయిలాంటి సున్నపురాతిలోనే. కానీ శుద్ధమైన కాల్సైట్ ఈ లోతులో, ఈ వేడిలో కూడా తనంతట తాను విడిపోదు. పలుగురాయి కలిసిన చోట మాత్రమే వొలాస్టనైట్‌గా మారి వాయువును వదులుతుంది. బొర్రాలో కాల్సైట్ ఇంకా అంతంత మందంగా మిగిలి ఉందంటే అందులోని వాయువు చాలావరకు అక్కడే ఉండిపోయినట్టు.

రెండో చిక్కు దారి. ముప్పై కిలోమీటర్ల లోతులో రాయి మెత్తబడి పాకుతూ ఉంటుంది, రంధ్రాలు మూసుకుపోతాయి. వాయువు రాతి అంతటా ఇంకుతూ పోలేదు, పగుళ్లూ, రాయి ఒరుసుకుంటూ జారిన కోతమండలాలూ దొరికిన చోటే పోగలదు. కబ్బాళదుర్గ మచ్చలు సరిగ్గా అలాంటి గీతల వెంబడే ఉన్నాయి. అంటే ఆ క్వారీ వాయువు పోగలదని చెబుతోంది, అంతటా పోలేదనీ చెబుతోంది.

బుడగల సాక్ష్యాన్ని కూడా జాగ్రత్తగా చదవాలి. పలుగురాయి పలుచటి ముక్కను రెండువైపులా పాలిష్ చేసి, చల్లబరిచే వేదిక మీద పెట్టి మైనస్ 100 డిగ్రీల దాకా తీసుకెళ్లి మెల్లగా వేడెక్కిస్తే, బుడగలోని మంచు మైనస్ 56.6 డిగ్రీల దగ్గర కరిగిందంటే అది శుద్ధమైన కార్బన్ డయాక్సైడ్. ఇంతవరకు పరీక్ష ఖచ్చితమైనదే. కానీ ఆ బుడగ ఎప్పుడు చిక్కుకుంది? బుడగలు మానిన పగులు వెంబడి బారులు తీరి ఉంటే అవి శిఖర వేడిమి నాటివి, అంటే రాయి అన్నిటికంటే ఎక్కువ వేడెక్కినప్పటివి కావు, తర్వాతవి. పైగా రాయి పైకొచ్చే దారిలో నీటి అణువులు పలుగురాయి లోపాల గుండా కారిపోయి కార్బన్ డయాక్సైడ్ మాత్రమే మిగలవచ్చు. బుడగలో ఇప్పుడున్నది అప్పుడున్నదే అని నమ్మేయడం ఈ రంగంలో చాలా జరిగిన పొరపాటు.

ఇక కరుగు సంగతి. తూర్పు కనుమలకు ఇదే ప్రధాన కారణమని నా నమ్మకం.

నీరు స్వేచ్ఛగా ఉంటే గ్రానైట్ లాంటి రాయి 650 డిగ్రీల ప్రాంతంలోనే కరగడం మొదలవుతుంది. స్వేచ్ఛగా లేక, అభ్రకంలో కట్టుబడి ఉంటే ఇంకా పైదాకా ఆగుతుంది. ముందు తెల్ల అభ్రకం 700 డిగ్రీల అటూ ఇటూగా విడిపోయి సిల్లిమనైట్, ఫెల్డ్‌స్పార్, కొంచెం కరుగు ఇస్తుంది. 750 నుంచి 850 డిగ్రీల మధ్య బయోటైట్, సిల్లిమనైట్, పలుగురాయి కలిసి విడిపోయి గార్నెట్, ఫెల్డ్‌స్పార్, ఇంకా ఎక్కువ కరుగు ఇస్తాయి. అభ్రకం వదిలిన నీరంతా ఆ కరుగులోనే కరిగిపోతుంది. లెక్క మళ్లీ సులువే. బురదరాయిలో పాతిక శాతం అభ్రకాలు ఉంటే రాతి మొత్తంలో 1 శాతం నీరు. ఆ వేడిలో, ఆ ఒత్తిడిలో పుట్టే కరుగులో 4 శాతం నీరు ఉంటుందనుకుంటే, 1 శాతం నీటికి 25 శాతం కరుగు. రాతిలో నాలుగో వంతు.

కరుగు అంత పోగయ్యేదాకా ఆగదు. దాదాపు 7 శాతం చేరగానే రేణువుల అంచుల వెంబడి ఒకదానికొకటి కలిసి జారడం మొదలుపెడుతుంది. పర్వతాలను నొక్కుతున్న బలాలు దాన్ని పిండుతాయి. విశాఖ తీరం వెంబడి రాళ్లలో తెల్లటి చారలు, వాటి మధ్య ఎర్రటి గార్నెట్లు చూసే ఉంటారు. సిల్లిమనైట్ లేకుండా పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, గార్నెట్‌తో ఉండే అలాంటి లేతరంగు రాతిని లెప్టినైట్ అంటారు. వాటిలో చాలావాటిని నేను ఖొండలైట్ నుంచి కారిన కరుగు దారిలో చిక్కి గడ్డకట్టిన మిగులుగా చదువుతాను. దీనిమీద ఇంకా వాదాలున్నాయి, ఇసుకరాతి నుంచి నేరుగా మారినవి అనేవాళ్లూ ఉన్నారు. చార ఖొండలైట్ పొరలను అడ్డంగా కోసుకుపోతే కరుగు అనడం బలపడుతుంది, పొరలతో పాటే కిలోమీటర్ల దూరం సమంగా సాగితే ఇసుకరాయి అనడానికి చోటు ఉంటుంది.

కరుగు పోయిందనడానికి నాకు అన్నిటికంటే గట్టిగా కనిపించే సాక్ష్యం మాత్రం చారలు కాదు, గార్నెట్ ఇంకా గార్నెట్‌గానే ఉండటం. ఆలోచించండి. కరుగు అక్కడే ఉండిపోతే చల్లారేటప్పుడు గడ్డకట్టి తనలోని నీటిని కక్కేస్తుంది. ఆ నీరు గార్నెట్‌నూ ఫెల్డ్‌స్పార్‌నూ పట్టుకుని వెనక్కి నడిపించి మళ్లీ బయోటైట్, సిల్లిమనైట్‌గా మార్చేస్తుంది. రసాయన చర్య రెండు దిక్కులా నడుస్తుంది, నీరు దగ్గరుంటే చాలు. అలా జరిగి ఉంటే ఈరోజు మనకు ఈ కొండల్లో ఖొండలైట్ కాదు, మామూలు అభ్రకపు నైస్ దొరికేది. వేడి ఎంత ఎక్కువైనా దాని గుర్తు మిగిలేది కాదు. థిన్ సెక్షన్‌లో, అంటే 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసిన రాతి ముక్కలో, గార్నెట్ చుట్టూ సన్నని బయోటైట్ అంచు మాత్రమే ఉంటే కొద్దిగా కరుగు మిగిలిందని అర్థం. గార్నెట్‌ను సగం తినేసి బయోటైట్ గుబురుగా పెరిగితే చాలా మిగిలిందని, లేదా బయటి నుంచి నీరు వచ్చిందని.

మూడో జవాబు, పొడి మాగ్మా, దాన్నీ కొట్టిపారేయలేం. తూర్పు కనుమల్లో పెద్ద పెద్ద ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలతో, చుట్టూ ఉన్న ఖొండలైట్ ముక్కలను తనలో ఇరికించుకుని కనిపించే చార్నకైట్ శరీరాలున్నాయి. అవి మాగ్మాలే. వాటి వయసు సుమారు 98 నుంచి 95 కోట్ల ఏళ్లు. అంటార్కిటికాలో మాసన్ తీరాన ఉన్న చార్నకైట్‌దీ దాదాపు అదే వయసు, అప్పుడు ఈ రెండు నేలలూ ఒకటే. అందుకే చార్నకైట్ అన్న మాట పుట్టుకను చెప్పే పేరు కాదని నేను పట్టుబడతాను. ఆ పేరును అగ్నిశిలలకే పరిమితం చేద్దామనే శిలాశాస్త్రజ్ఞులు ఉన్నారు. పేరు శుభ్రపడుతుంది నిజమే, కానీ రాయి దగ్గర నిలబడిన మనిషి పుట్టుక తేల్చకముందే దానికి ఏ పేరు రాసుకోవాలి? ఆర్థోపైరాక్సీన్ ఉన్న గ్రానైట్ లాంటి రాయి, అంతే రాసుకోవాలి. పుట్టుక తర్వాతి పేజీ పని.

గ్రానైట్ వ్యాపారంలో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. ఒంగోలు దగ్గర చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ అసలు గ్రానైట్ కాదు, గాబ్రో జాతి అగ్నిశిల. పాలిష్ పలకలో మెరిసే బంగారు చుక్కలు ఆర్థోపైరాక్సీన్ రేణువులే. చార్నకైట్‌లో ఉండేదీ అదే ఖనిజ కుటుంబం. కానీ చార్నకైట్ ముదురాకుపచ్చ రంగు ఆర్థోపైరాక్సీన్‌ది కాదు. ఫెల్డ్‌స్పార్‌లోని వెంట్రుకవాసి పగుళ్లలో నిండిన ఇనుప ఖనిజాలది. అందుకే గాలి తగిలిన పైపొరలో ఆ రంగు పోయి రాయి లేత గోధుమరంగు నైస్‌లా కనిపిస్తుంది. రంగు చూసి చార్నకైట్ సరిహద్దు గీసిన పటాలు తప్పయ్యేది ఇక్కడే. కనీసం అరచేయంత తాజా పగులు లేకుండా పేరు పెట్టకూడదు.

ఇప్పుడు వేడి. నీటి కథ చెప్పాక వేడి గురించి చెబితేనే దానికి అర్థం వస్తుంది.

పాడేరు, అరకు, అనంతగిరి, అనకాపల్లి ప్రాంతాల్లో మెగ్నీషియం, అల్యూమినియం ఎక్కువగా ఉన్న రాతి పొరల్లో సఫిరిన్ అనే నీలిరంగు ఖనిజం పలుగురాయిని తాకుతూ దొరుకుతుంది. ఈ జంట సాధారణంగా 900 డిగ్రీల పైనే నిలుస్తుంది. ఒత్తిడి లెక్కలు 8 కిలోబార్ల చుట్టూ వస్తాయి, ఒక కిలోబారుకు మూడున్నర కిలోమీటర్ల చొప్పున దాదాపు 28 కిలోమీటర్ల లోతు. మామూలు ఖండంలో ఆ లోతున అందులో సగం వేడి కాస్త దాటి ఉంటుందేమో. 900 ఎలా చేరింది? భూపటలం కింది పొర మాంటిల్ నుంచి వచ్చిన మాగ్మా, రాతిలోని రేడియోధార్మికత అన్నీ చెబుతారు. వాటికి తోడు తరచుగా మరిచిపోయే విషయం ఒకటుంది. రాయి కరుగుతున్నంతసేపు వచ్చిన వేడి కరిగించడానికే ఖర్చవుతుంది, మరుగుతున్న నీళ్లు 100 డిగ్రీలు దాటనట్టు. కరుగు బయటికి పోయి, మిగిలిన రాయి ఎండిపోయాక ఆ ఖర్చు ఉండదు. అదే వేడి ఇప్పుడు ఉష్ణోగ్రతను పెంచుతుంది. అంటే ముందు ఎండింది కాబట్టే తర్వాత అంతగా వేడెక్కగలిగింది. ఈ వరుసను తిరగేసి, బాగా వేడెక్కింది కాబట్టి ఎండిందని రాసేవాళ్లతోనే నా పేచీ.

ఈ ఉష్ణోగ్రత కొలవడంలో ఎక్కడ తప్పు జరుగుతుందో తెలుసుకోవడం అవసరం. విద్యార్థులు మొదట పట్టుకునేది గార్నెట్, బయోటైట్ జంటనే. ఈ రెంటి మధ్య ఇనుము, మెగ్నీషియం ఎలా పంచుకున్నాయో ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ అనే పరికరంతో కొలిచి ఉష్ణోగ్రత కడతారు. సఫిరిన్ ఉన్న రాతిలో కూడా ఫలితం 600, 650 అని వస్తుంది. పరికరం బాగానే ఉంది, రాయే మారిపోయింది. చల్లారేటప్పుడు కూడా ఆ రెండు ఖనిజాలూ పరమాణువులు మార్చుకుంటూనే ఉంటాయి, ఆగినప్పటి ఉష్ణోగ్రతే మనకు దొరుకుతుంది. గార్నెట్ మధ్యభాగం తీసుకుని, బయోటైట్‌ను దూరం నుంచి ఎంచుకున్నా పూర్తిగా తప్పించుకోలేం, ఎందుకంటే ఆ బయోటైట్ చాలావరకు తర్వాత పుట్టినదే.

నెమ్మదిగా కదిలే మూలకాలను నమ్మాలి. ఆర్థోపైరాక్సీన్‌లో అల్యూమినియం అలాంటిది. గార్నెట్ పక్కన పెరిగిన ఆర్థోపైరాక్సీన్ మధ్యభాగంలో అల్యూమినా 8 శాతం దాటితే వేడి 900 పైనే. ఫెల్డ్‌స్పార్ ఇంకో దారి. శిఖర వేడిలో ఒకే స్ఫటికంగా ఉన్న ఫెల్డ్‌స్పార్ చల్లారాక పొటాష్, సోడా చారలుగా విడిపోతుంది. ఆ చారలను విడివిడిగా కొలిస్తే తక్కువ వేడి వస్తుంది. స్ఫటికం మొత్తం మీద చారల వైశాల్యాలు కొలిచి, కలిపి పాత కూర్పును తిరిగి కట్టాలి. ఓపిక కావాలి, ఒక్కో రేణువుకు పదుల బిందువులు కొలవాలి. సఫిరిన్, పలుగురాయి జంటనూ గుడ్డిగా నమ్మకూడదు. ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న రాతిలో ఫెర్రిక్ ఇనుము, అంటే ఎక్కువ ఆక్సిజన్ పట్టిన ఇనుము, సఫిరిన్‌ను తక్కువ వేడిలోనూ నిలబెట్టగలదు. స్పినెల్ అనే ఖనిజం, పలుగురాయి జంటకు జింకు అదే పని చేస్తుంది. పక్కనే ఇనుప ఆక్సైడ్ ఖనిజం మాగ్నెటైట్ దండిగా ఉంటే ముందు దాని సంగతి చూడాలి.

వయసుల విషయానికొస్తే, "ప్రపంచంలోనే అతి పురాతన శిలలు" అని విశాఖ కొండల గురించి చెప్పడం మానాలి. కెనడాలోని అకాస్టా నైస్ 400 కోట్ల ఏళ్లది. విశాఖ, అరకు వైపు రాళ్లు ఉడికింది దాదాపు 100 నుంచి 90 కోట్ల ఏళ్ల కిందట. ఒంగోలు వైపు రాళ్లు 160 కోట్ల ఏళ్ల కిందటే ఉడికాయి, వాటి చరిత్రే వేరు. తూర్పు కనుమలు అని ఒకే పేరు పెట్టినంత మాత్రాన ఒకే పుట్టుక కాదు.

అసలు "ఈ రాయి వయసెంత" అన్న ప్రశ్నే ఖొండలైట్ దగ్గర నిలవదు. వయసు కొలవడానికి వాడే జిర్కాన్ అనే ఖనిజపు రేణువులో మధ్యభాగం బురద ఎక్కడి కొండల నుంచి కొట్టుకొచ్చిందో ఆ కొండల వయసు చెబుతుంది, అంచు ఉడికిన కాలం చెబుతుంది. రాతిని పొడిచేసి, జల్లించి, నీటిలో గాలించి, అయస్కాంతంతో గార్నెట్‌ను వేరుచేసి, బరువైన ద్రవంలో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ తేల్చేశాక అడుగున జిర్కాన్ దొరుకుతుంది. రెసిన్‌లో పోసి సగానికి అరగదీసి, ఎలక్ట్రాన్లు తగిలినప్పుడు వచ్చే వెలుగుతో కాథోడోల్యూమినిసెన్స్ చిత్రం తీసి, మధ్యభాగం, అంచు ఎక్కడున్నాయో చూశాకే కొలవాలి. కొలవడానికి లేజర్ తవ్వే గుంట పాతిక ముప్పై మైక్రాన్లు ఉంటుంది, అంచు చాలాసార్లు అంతకంటే సన్నం. గుంట రెంటి మీదా పడితే వచ్చే వయసు ఏ సంఘటనదీ కాదు, రెండు సంఖ్యల మధ్య అర్థం లేని సగటు. ఇంకో మాట. కరుగు ఉన్నప్పుడు జిర్కాన్ అందులో కరుగుతుంది, కరుగు చల్లారేటప్పుడు తిరిగి పెరుగుతుంది. కాబట్టి అంచు వయసు తరచుగా శిఖర వేడిమిది కాదు, చల్లారడానిది. పేపర్లలో రెండు పక్షాలు ఒకే రాతికి రెండు వయసులు చెప్పి తగువులాడుకుంటున్నప్పుడు, ఎవరు ఏ భాగం కొలిచారో చూస్తే సగం తగువు తీరుతుంది.

ఇంత కష్టపడి పోయిన నీరు తిరిగి వచ్చిన చోట్లూ ఉన్నాయి. కోతమండలాల వెంబడి గార్నెట్ క్లోరైట్‌గా మారి ఆకుపచ్చ మరకలు కనిపిస్తాయి, పెద్ద స్ఫటికాలతో ఉండే పెగ్మటైట్ రాతి తీగల అంచున చార్నకైట్ మళ్లీ అభ్రకపు నైస్‌గా తెల్లబడుతుంది. 50 కోట్ల ఏళ్ల కిందట ఈ పర్వతపంక్తి మరోసారి కదిలినప్పటి గుర్తులు అందులో కొన్ని. కానీ పెద్ద ఎత్తున తిరిగి వచ్చింది వాన నీరుగానే. ఒడిశాలో కోరాపుట్ జిల్లా పంచపట్మలి పీఠభూమి మీద, మన ఏజెన్సీ కొండల మీద ఉన్న బాక్సైట్ ఖొండలైట్ కుళ్లగా మిగిలినదే. పొటాష్ ముందు పోయింది, సిలికా మెల్లగా పోయింది, ఒకప్పటి బంకమట్టిలోని అల్యూమినియం ఈసారీ కదల్లేదు. ఆ బాక్సైట్‌లో ప్రధాన ఖనిజం గిబ్‌సైట్. దాని బరువులో 34.6 శాతం నీరు. ముప్పై కిలోమీటర్ల లోతున ఉడికేముందు ఆ బురదరాయిలో కట్టుబడి ఉన్నది, మన లెక్క ప్రకారం, 1 శాతం.